చలికాలం, ఇంటి నుంచి పని, ఒళ్ళు హూనం: మన జిల్లాల వాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

సిక్కోలు_సిస్టమ్ (శ్రీకాకుళం)
డిసెంబరు 12, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌనే, అరసవల్లి వెళ్ళే వైపు. లండన్ క్లయింటు ప్రాజెక్టు, పూర్తిగా ఇంటి నుంచే పని. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నరకి లాగిన్ అయి రాత్రి తొమ్మిదిన్నరకి లేచేవాణ్ణి. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు కదా, అప్పట్నుంచి నా షిఫ్టు ఒకటిన్నర నుంచి పదిన్నర. గంటే కదా అనుకున్నాను గానీ ఆ గంటతో పాటు అన్నీ జరిగిపోయాయి. రాత్రి భోజనం పదకొండుకి, నిద్ర రెండింటికి, లేవడం తొమ్మిదిన్నరకి.

మెడ పట్టేస్తోంది. ముక్కు దిబ్బడ వదలట్లేదు. సాయంత్రం అయ్యేసరికి కారణం లేకుండా దిగులు. మా అమ్మ మాత్రం "ట్రాఫిక్కు లేదు, బస్సు లేదు, ఇంట్లో కూర్చున్నోడివి, నీకేటొచ్చింది" అంటోంది. కుర్చీ నుంచి కషాయం దాకా ఎవరికి ఏది పనిచేసిందో చెప్పండి.

పలాస_పప్పు (పలాస)
డిసెంబరు 12, ఉదయం 10:41

రోజూ జీడిపప్పు తినండి, అన్నీ సర్దుకుంటాయి. (అమ్మేది నేనే.)

ఇజీనారం_కుర్రోడు (విజయనగరం)
డిసెంబరు 12, ఉదయం 11:05

గురూ, నేను మూడు లాంతర్ల దగ్గర ఉంటాను, అమెరికా షిఫ్టు, నీకంటే ఘోరం. నా పద్ధతి చెప్తా. పొద్దున్నే శొంఠి, మిరియాలు, తులసాకు వేసి కషాయం. రాత్రి పసుపు పాలు. వారానికోసారి ముక్కుకి ఆవిరి, అందులో కాస్త కర్పూరం. సాయంత్రం ఐదింటికే కిటికీలన్నీ బిగించేసి దోమల చుట్ట వెలిగిస్తాను. మరీ చలేస్తే మా నాన్న పాత కుంపట్లో బొగ్గులు రాజేసి గదిలో పెడతారు. వెచ్చగా బ్రహ్మాండంగా ఉంటుంది, కోడింగు పరుగెడుతుంది.

స్టాఫ్_నర్సు_అప్ప (ఆమదాలవలస)
డిసెంబరు 12, మధ్యాహ్నం 1:15

ఇజీనారం తమ్ముడూ, కషాయం నీ ఇష్టం, గొంతుకి హాయిగా ఉంటుంది, తాగు. కుంపటి మాత్రం ఈ రాత్రి నుంచే గదిలో వద్దు. మీ నాన్నగారికి నా మాటగా చెప్పు. తలుపులు మూసిన గదిలో బొగ్గులు సగం సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. తల బరువెక్కుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, వెచ్చదనానికే అనుకుంటారు. ఆ నిద్రలోంచి లేవనివాళ్ళు ఉంటారు. కుంపటి అరుగు మీద పెట్టుకుని చుట్టూ కూర్చోండి, ఎవరూ కాదనరు.

మూసిన గదిలో దోమల చుట్ట కూడా పొగే. రాత్రంతా అది పీలుస్తూ ముక్కు దిబ్బడ అంటే ఎలా? సాయంత్రం చీకటి పడేముందు ఒక గంట కిటికీలు మూసి, తర్వాత తెర కట్టిన కిటికీ ఒకటి తీసి ఉంచు. దోమతెర కొనుక్కో, చుట్టల ఖర్చు కంటే చౌక.

ఆవిరికి ఉత్త వేడినీళ్ళు చాలు. కర్పూరాలు, బామ్‌లు వద్దు, ముఖ్యంగా ఇంట్లో చంటిపిల్లలుంటే. మరుగుతున్న గిన్నె మంచం మీద పెట్టి దుప్పటి కప్పుకోవద్దు. గిన్నె ఒరిగి తొడలు కాలినవాళ్ళకి నా చేత్తో కట్లు కట్టాను.

సిక్కోలు బాబూ, నీ ముక్కు దిబ్బడ పది రోజులు దాటినా, ముఖం నొప్పి, జ్వరం ఉన్నా డాక్టరుకి చూపించుకో. మామూలు జలుబైతే అది వైరస్, యాంటీబయాటిక్‌కి లొంగదు. మెడికల్ షాపు వాళ్ళిచ్చినా తీసుకోకు.

ఇజీనారం_కుర్రోడు
డిసెంబరు 12, మధ్యాహ్నం 1:32

అప్పా, దణ్ణం. కుంపటి అరుగెక్కింది.

చీపురుపల్లి_మాస్టారు (చీపురుపల్లి)
డిసెంబరు 12, సాయంత్రం 4:50

రిటైరైన సైన్సు మాస్టారిని. అందరూ చలి చలి అంటున్నారు గానీ మనకి చలెక్కడిది నాయనా? పాడేరు, అరకు వాళ్ళు అంటే అర్థముంది. మన మైదానంలో డిసెంబరులో కూడా మధ్యాహ్నం చొక్కా తడుస్తుంది. ఈ కుర్రాణ్ణి పట్టుకున్నది చలి కాదు. వెలుగు చాలకపోవడం.

లెక్క చూడండి. శ్రీకాకుళం దాదాపు 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. హైదరాబాదు 78.5 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకి హైదరాబాదు కంటే ఇరవై నిమిషాలకు పైగా ముందే పొద్దు గుంకుతుంది. గడియారం మాత్రం దేశమంతటికీ ఒక్కటే, 82.5 డిగ్రీల రేఖది. అందుకే నవంబరు నెలాఖరు, డిసెంబరుల్లో మన దగ్గర ఐదుంబావు, ఐదున్నర మధ్యే సూర్యాస్తమయం. హైదరాబాదులో ఆఫీసు వదిలి బస్సెక్కేవాడికి ఇంకా కాస్త వెలుగు మిగులుతుంది. ఇక్కడ ఒకటిన్నరకి తెర ముందు కూర్చున్నవాడు టీ కోసం లేచేసరికి వీధి దీపాలు వెలిగి ఉంటాయి. తొమ్మిదిన్నరకి లేస్తే పొద్దుటి వెలుగు కూడా పోయె. ఉన్నదే పదకొండు గంటల పగలు, అందులో ఇతగాడికి దక్కేది స్నానం, టిఫినూ పోగా గంటో రెండు గంటలో. అదీ గదిలోనే. సాయంత్రం దిగులు రాక ఏమవుతుంది?

మన ఒంట్లో గడియారాన్ని సరిచేసేది కంట్లో పడే పగటి వెలుగు. లేచిన గంటలోపు బయటి వెలుగులో ఉంటే రాత్రి నిద్ర తొందరగా వస్తుంది. గదిలో ట్యూబులైటు ఎంత వెలిగినా మబ్బుపట్టిన ఆకాశం వెలుగులో పదో వంతు ఉండదు.

ఇక విటమిన్ డి సంగతి. పొద్దుటి లేత ఎండ మంచిదని అందరూ అంటారు. మనసుకి మంచిదే, నిద్రకీ మంచిదే, కానీ విటమిన్ డి తయారు కావడానికి కావలసిన కిరణాలు సూర్యుడు పైకెక్కితేనే బాగా దిగుతాయి. గుర్తు సులువు: మీ నీడ మీకంటే పొట్టిగా ఉండాలి. డిసెంబరులో మన దగ్గర ఆ సమయం సుమారుగా పదకొండు నుంచి ఒంటిగంట వరకే. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అంటే ఒకటిన్నరకి షిఫ్టున్నవాడి అదృష్టం, ఆ రెండు గంటలూ అతని చేతిలోనే ఉన్నాయి. చేతులు, కాళ్ళు ఎండ తగిలేలా మేడ మీద ఇరవై నిమిషాలు, అరగంట. మన చామనచాయకి ఆ మాత్రం పడుతుంది. ఇంట్లో గుమ్మడి వడియాలు పెట్టే రోజులు కదా, కాకుల కాపలా మీరు తీసుకోండి. అమ్మగారికీ కోపం తగ్గుతుంది.

అరసవల్లి దారిలో ఇల్లు పెట్టుకుని ఎండ మొహం చూడకపోవడం ఏమిటయ్యా!

బొబ్బిలి_బగ్‌ఫిక్స్ (బొబ్బిలి)
డిసెంబరు 12, రాత్రి 9:10

మాస్టారూ, లెక్క బావుంది. నాది అమెరికా తూర్పు తీరం షిఫ్టు, సాయంత్రం ఆరున్నర నుంచి మూడున్నర. తెల్లవారుజామున నాలుగింటికి పడుకుంటే పదకొండుకి లేస్తాను. లేచీ లేవడంతోనే మీ పొట్టి నీడ సమయం. ఇది నాకు పనికొస్తుంది. కానీ పొద్దున్న ఆరింటికల్లా హరిదాసు వీధిలోకి వస్తే మా ఇంట్లో అందరూ లేచిపోతారు. ధనుర్మాసం వస్తోందంటేనే నాకు భయం. నిద్రకి ఏం చెయ్యను?

స్టాఫ్_నర్సు_అప్ప
డిసెంబరు 12, రాత్రి 9:44

మందపాటి ముదురు రంగు తెర, లేదంటే కళ్ళ మీద నల్ల గుడ్డ. ఫ్యాన్ శబ్దం బయటి శబ్దాన్ని కొంత కప్పేస్తుంది, ముఖం మీదకి కాకుండా కాళ్ళ వైపు పెట్టు. షిఫ్టు చివరి మూడు గంటల్లో కాఫీ, టీ మానెయ్యి. సెలవు రోజుల్లో కూడా పడుకునే వేళ మరీ మార్చకు, శనాదివారాలు పగటి మనిషివై సోమవారం రాత్రి మనిషివైతే ఒళ్ళు తట్టుకోదు. నైట్ డ్యూటీలు చేసిన ఒంటితో చెబుతున్నాను.

ఉద్దానం_కొబ్బరి (కవిటి మండలం)
డిసెంబరు 13, ఉదయం 8:30

సిక్కోలు బాబు మెడనొప్పి అన్నాడు. ఇంతవరకూ ఎవరూ మాత్రలు చెప్పలేదు, మంచిది. కానీ మనవాళ్ళు చేసే మొదటి పని అదే. మెడికల్ షాపుకెళ్ళి "మెడ నొప్పి, ఒక స్ట్రిప్పు ఇవ్వండి" అంటారు, డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో చేతికొస్తుంది. నొప్పి పోతుంది, మర్నాడు మళ్ళీ అదే కుర్చీ, అదే మెడ, మళ్ళీ మాత్ర.

మా వైపు సంగతి మీకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ప్రతి ఊళ్ళో కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు ఉంది. షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా ఎందుకొస్తోందో తేలలేదు, ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఒక్క కారణం మీద వేలు పెట్టలేకపోతున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. వంశధార నీళ్ళు ఊళ్ళకి పైపుల్లో తెచ్చారు. కారణం తేలకపోయినా ఒకటి మాత్రం డాక్టర్లందరూ చెప్పేది: ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు మరీ.

చలికాలంలో దాహం వెయ్యదు. కుర్రాళ్ళు కాల్‌లో ఉండి నీళ్ళు తాగరు, లేచి వెళ్ళాల్సొస్తుందని. దానిమీద ఈ మాత్ర. ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా బావమరిది ఇలాగే వాడాడు, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పని చేసేవాడు, నడుం నొప్పికి నెలల తరబడి. పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే లెక్క) ఎక్కువ వచ్చింది. మాత్రలు ఆపించి డాక్టరు దారిలో పెట్టారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. అందరికీ అలా జరగదు.

నీళ్ళెన్ని అంటే, జబ్బు లేనివాళ్ళు మూత్రం రంగు చూసుకోండి. గడ్డి రంగులో లేతగా ఉంటే చాలు, ముదురు పసుపైతే తక్కువ తాగుతున్నట్టు. కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగాలి, ఎక్కువ తాగితే మంచిదన్న మాట వాళ్ళకి వర్తించదు.

సిక్కోలు_సిస్టమ్
డిసెంబరు 13, ఉదయం 10:02

అన్నయ్యా, మీ పోస్టు చదివి టేబుల్ సొరుగు తీశాను. సగం స్ట్రిప్పు ఉంది. ఎసిక్లోఫెనాకే. తీసి పక్కన పడేశాను. మరి నొప్పి వచ్చినప్పుడు?

స్టాఫ్_నర్సు_అప్ప
డిసెంబరు 13, ఉదయం 10:25

ముందు వేడి కాపడం. ఓ రెండు రోజులు తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ కాలేయం జబ్బు గానీ తాగుడు అలవాటు గానీ లేనివాళ్ళకి. ఇక్కడో మెలిక ఉంది: జలుబు మాత్రలని అమ్మేవాటిలో చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిసి ఉంటుంది. జలుబుకొకటి, నొప్పికొకటి వేసుకుంటే మోతాదు రెట్టింపు. స్ట్రిప్పు వెనక చదవండి. అదే మాత్రల్లో ముక్కు దిబ్బడకి వేసే ఫినైలెఫ్రిన్ బీపీ పెంచగలదు, ఇంట్లో పెద్దవాళ్ళకి మీ మాత్ర ఇచ్చెయ్యకండి. చలికి రక్తనాళాలు ముడుచుకుని వాళ్ళ బీపీ ఈ రోజుల్లో ఎలాగూ కాస్త ఎక్కువే ఉంటుంది. వారానికోసారి చూపించండి, తెల్లవారుజామున మంచులో నడకకి పంపకండి, పొద్దెక్కాక పంపండి.

చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా మాత్రం ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మేడ_మీద_ఆఫీసు (గజపతినగరం)
డిసెంబరు 13, మధ్యాహ్నం 12:40

అసలు మెడ ఎందుకు పట్టేస్తోందో అడగండి ముందు. సిక్కోలు తమ్ముడూ, ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టి పని చేస్తున్నావు? మంచం మీదేనా?

సిక్కోలు_సిస్టమ్
డిసెంబరు 13, మధ్యాహ్నం 12:48

మంచం మీదే, బొంత కప్పుకుని...

మేడ_మీద_ఆఫీసు
డిసెంబరు 13, మధ్యాహ్నం 1:20

అనుకున్నాను. చలికాలంలో అందరూ చేసేదిదే. బొంత వదల్లేక మంచం, మంచం వదల్లేక మెడ.

ఖరీదైన కుర్చీలేమీ కొనక్కర్లేదు. భోజనాల బల్ల దగ్గర మామూలు చెక్క కుర్చీ చాలు. నడుము ఒంపులో చుట్టిన తువ్వాలు. ల్యాప్‌టాప్ కింద పాత ఇంజనీరింగు పుస్తకాలు పేర్చు, ఇన్నాళ్ళకి వాటికో ఉపయోగం. తెర పై అంచు కంటి ఎత్తుకి రావాలి. అప్పుడు దాని కీబోర్డు అందదు, విడి కీబోర్డు, మౌస్ కొనుక్కో. ఈ ఒక్క ఖర్చూ తప్పదు. మోచెయ్యి లంబకోణంలో ఉండాలి, పాదాలు నేలకి అందకపోతే కింద పీట వేసుకో. గచ్చు చల్లగా ఉంటుంది, పీట దానికీ పనికొస్తుంది. సాక్సులు వేసుకో, సిగ్గేం లేదు, కాల్‌లో కాళ్ళు కనబడవు.

ఎంత మంచి కుర్చీ అయినా గంటల తరబడి కూర్చుంటే ఒకటే. అరగంటకోసారి లేవాలి. నేను వినడమే తప్ప మాట్లాడక్కర్లేని మీటింగులన్నీ నడుస్తూ వింటాను. కళ్ళకి ఇరవై లెక్క: ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల అవతల దేన్నో, ఇరవై సెకన్లు చూడు. మా కిటికీ ఎదురుగా కొబ్బరి చెట్టుంది, నాకు అదే.

హైదరాబాద్_రిటర్న్ (శ్రీకాకుళం)
డిసెంబరు 13, మధ్యాహ్నం 3:15

అన్నీ బాగానే చెబుతున్నారు. కానీ ఎండలో నిలబడు, అరగంటకోసారి లేవు అంటే మేనేజరు ఒప్పుకోవాలి కదా? మా దాంట్లో స్టేటస్ పచ్చ చుక్క పసుపు రంగులోకి మారితే మెసేజ్ వస్తుంది. పదకొండు నుంచి ఒంటిగంట మధ్య ఖాళీ అందరికీ ఉండదు. నాది పొద్దున్న తొమ్మిది నుంచి ఆరు. పైకొచ్చేసరికి చీకటి.

చీపురుపల్లి_మాస్టారు
డిసెంబరు 13, సాయంత్రం 5:05

మీకు ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది మీదే కదా. నీడ పొడుగ్గానే ఉంటుంది, విటమిన్ సంగతి అటుంచండి, నడకకీ వెలుగుకీ అది చాలు. నాగావళి గట్టు ఉంది మీకు. మధ్యాహ్నం భోజనం ఎక్కడ తింటున్నారు? పళ్ళెం పట్టుకుని మేడెక్కండి.

పచ్చ చుక్క గురించి నాకు తెలియదు. మా రోజుల్లో హెడ్మాస్టరు ఉండేవారు, అంతకంటే తక్కువేం కాదు.

మేడ_మీద_ఆఫీసు
డిసెంబరు 13, సాయంత్రం 5:30

పచ్చ చుక్కకి సమాధానం లేదు, రిటర్న్ అన్న చెప్పింది నిజం. నేను చేసిందొకటి చెప్తాను: క్యాలెండరులో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంట 'లంచ్' అని రోజూ బ్లాక్ చేసి పెట్టుకున్నాను. అడిగితే చెప్పడానికి సాకు ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ పెద్దవాళ్ళకి చెప్పింది వారానికి 150 నిమిషాలు కాస్త ఊపిరి పెరిగే నడక, రెండు రోజులు కండరాలకి పని. రోజుకి పాతిక నిమిషాలు కూడా అవ్వదు అది. మల్లయోధుడు కోడి రామమూర్తి గారి జిల్లాల్లో పుట్టి గుంజీళ్ళు తియ్యలేమా?

మామ్మ_మొబైల్ (పొందూరు)
డిసెంబరు 13, రాత్రి 7:20

మా మనవడు టైపు సేత్తన్నాడు, మాటలు నావి. ఏటి బాబూ, ఇంతమంది ఇన్ని సెప్పేరు, తిండి మాటెవుడూ ఎత్తడేటి? రాత్రి పదకొండుకి అన్నం తింటే అరుగుద్దా? ఏడింటికే ఇంత తినేసి కూకో. పనయ్యాక ఆకలేత్తే పల్చటి మజ్జిగ తాగు. పొద్దుట సోడి (రాగి) అంబలి కాసుకో, రాత్రే పిండి నానబెట్టు, పులుపెక్కుద్ది, ఉల్లిపాయ నంజుకో. మాపిటేల బిస్కట్లు కాదు, తేగలు తిను. ఇప్పుడే కదా వత్తాయి. నువ్వులుండ ఒకటి. మా ఇంట్లో ఎవులికీ కుర్సీలు లేవు, మెడలూ బాగున్నాయి.

పలాస_పప్పు
డిసెంబరు 13, రాత్రి 7:31

మామ్మా, జీడిపప్పు మర్చిపోయారు.

మామ్మ_మొబైల్
డిసెంబరు 13, రాత్రి 7:36

నీ పప్పు గుప్పెడు సాలు బాబూ, కిలోలు తింటే కుర్సీ ఇరుగుద్ది.

ఉద్దానం_కొబ్బరి
డిసెంబరు 13, రాత్రి 8:15

మామ్మ చెప్పిన చోడి అంబలికి నా ఓటు. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఆ సోదే లేదు. షుగరున్నవాళ్ళు పల్చటి జావ కంటే రొట్టె చేసుకోండి, జావ తొందరగా అరిగి షుగరు పెంచుతుంది. ఇక ఒళ్ళు పగలడానికి మా కొబ్బరి నూనె ఉండనే ఉంది. పొగలు కక్కే నీళ్ళు పోసుకోవద్దు, గోరువెచ్చనివి చాలు, ఒళ్ళు తడిగా ఉండగానే నూనె రాయండి. బకెట్లో హీటర్ రాడ్ పెట్టేవాళ్ళు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టండి.

ఊపిరి_తిత్తి (విజయనగరం)
డిసెంబరు 14, ఉదయం 9:00

ఆస్తమా ఉన్న మనిషిని, రెండు ముక్కలు. పొద్దున్నే మంచు పట్టినప్పుడు పొగ, దుమ్ము పైకి పోకుండా కిందే తిరుగుతాయి. ఆ వేళ వాకిట్లో ఆకులు ఊడ్చి తగలబెడతారు చూడండి, మాకు ప్రాణం మీదకి వస్తుంది. భోగికి మంట వేసుకోండి, పిడకలు, దుంగలు, ఎవరొద్దన్నారు. పాత టైర్లు మాత్రం వెయ్యకండి. ఇంకొకటి: దగ్గు తగ్గింది కదా అని రోజూ పీల్చే ఇన్‌హేలర్ మానేసేవాళ్ళు ఈ కాలంలోనే ఆసుపత్రి పాలవుతారు. డాక్టరు చెప్పేదాకా మానొద్దు.

సిక్కోలు_సిస్టమ్
డిసెంబరు 14, మధ్యాహ్నం 12:15

మేడ మీద నుంచే రాస్తున్నాను, కాకుల కాపలా. అప్పా, ఒక్క సందేహం. మా ఫ్రెండు వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి పాలలో కలుపుకుంటున్నాడు, నన్నూ మొదలెట్టమంటున్నాడు. టెస్టు చేయించుకోవాలా, తాగెయ్యొచ్చా?

స్టాఫ్_నర్సు_అప్ప
డిసెంబరు 14, మధ్యాహ్నం 1:05

తాగెయ్యకు. అది కొన్ని వారాల కోర్సు, డాక్టరు రాసి ఆపమన్నప్పుడు ఆపాలి. మీ ఫ్రెండు ఎన్నాళ్ళుగా తాగుతున్నాడో అడుగు. నెలల తరబడి సాగదీస్తే రక్తంలో కాల్షియం పెరిగి అదీ కిడ్నీల మీదే పడుతుంది. నీరసం, ఒళ్ళు నొప్పులు నెలలుగా ఉంటే డాక్టరుని అడిగి 25 హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేయించు, వాటితో పాటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడమను. ఒట్టి దిగులే అయితే ముందు ఈ వెలుగు, నిద్ర వేళలు సరిచేసి చూడు. రెండు వారాలైనా దిగులు వదలక, పని మీద, తిండి మీద మనసు పోకపోతే అదీ వైద్యం చేయించుకోవాల్సిన జబ్బే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్, 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

బొబ్బిలి_బగ్‌ఫిక్స్
డిసెంబరు 14, మధ్యాహ్నం 2:30

మామ్మ తేగలన్నారు గానీ మా బజార్లో ఇంకా దిగలేదు. పొందూరులో కట్ట ఎంతకిస్తున్నారో మనవడు గారూ కాస్త చెప్పండి, ఆదివారం అటే వస్తున్నాను.